పిల్లల పాటల పోటీల్లో ఎలిమినేషన్ ఎందుకు?

కృష్ణాతీరం:
టీవీలో పిల్లలు పాడకూడదని నేను అనను. నా గొడవంతా ఎలిమినేషన్‌తోనే. మొన్న ఒక ఛానల్లో ఎనిమిదేళ్ల పాపని స్టేజి మధ్యలో నిలబెట్టారు. లైట్లు తగ్గించారు, డప్పుల మోత పెంచారు, ఫలితం చెప్తారనుకునే లోపు బ్రేక్. బ్రేక్ అయ్యాక మళ్లీ మొదటి నుంచి అదే మోత. పాప పెదవి వణకడం మొదలవగానే కెమెరా మొహం మీదికి వెళ్లింది, అక్కణ్నించి జనంలో కూర్చున్న తల్లి మీదికి. ఆ పిల్ల పాటని కూడా పూర్తిగా చూపించలేదు, ఏడుపు మాత్రం మూడు యాంగిల్స్‌లో చూపించారు. 14 ఏళ్లలోపు వాళ్ల పోటీల్లో ఈ తతంగం తీసేయాలంటాను. ఏ వారం ఎవరు బాగా పాడితే వాళ్లకి బహుమతి ఇవ్వండి, ఎవరినీ ఇంటికి పంపకండి. మీరేమంటారు?

వైజాగ్ శ్రోత:
అలా చేస్తే అది స్కూల్ వార్షికోత్సవం అవుతుంది అన్నా, అమ్మానాన్నలు తప్ప ఎవరూ చూడరు. ఎనిమిదేళ్లకే బాలమురళీకృష్ణ గారు విజయవాడలో కచేరీ చేశారు. చిన్నపిల్లాడు, తట్టుకోలేడు అని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే? ‘పాడుతా తీయగా’ 1996లో మొదలైంది. ఉష, గోపికా పూర్ణిమ, కారుణ్య లాంటి వాళ్లంతా అందులో పాడాకే కదా మనకి తెలిసింది. అందులోనూ ఎలిమినేషన్ ఉంది. సినిమావాళ్లెవరూ తెలియని ఊళ్లో పుట్టిన పిల్లకి ఒక సంగీత దర్శకుడి ముందు పాడే అవకాశం ఇంకెలా వస్తుంది?

రేడియో తాతయ్య:
మా కాలంలో ఆకాశవాణిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల చేత పాడించేవారు. తాళం తప్పినా ‘భలే’ అనేవారు. ఎవరినీ తీసేసింది లేదు. వినేవాళ్లు లేకనా అది అన్నేళ్లు నడిచింది?

ఐదున్నర శ్రుతి:
నేను సంగీతం చెప్తాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు ఈ షోలకి వెళ్లారు.

వైజాగ్ శ్రోత గారూ, బాలమురళి గారి సంగతి ఇక్కడ అతకదండీ. ఆయన చేసింది కచేరీ. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు సంగీతం తెలిసిన వాళ్ల ముందు కూర్చుని పాడాడు. పక్క పిల్లాడికన్నా రెండు మార్కులు తక్కువొచ్చాయి, రేపటి నుంచి రాకు అని ఎవరూ అనలేదు.

‘పాడుతా తీయగా’లో బాలు గారు పాట ఎవరు రాశారో, ఎవరు స్వరపరిచారో చెప్పి, ‘ఈ సంగతి (పాటలో ఒక లైనుని కొత్తగా తిప్పి పాడే తీరు) ఇలా పడాలి నాన్నా’ అని తానే పాడి చూపించేవారు. ఒత్తు పలక్కపోతే వదిలేవారు కాదు. ఓడిన పిల్ల కూడా ఏదో ఒకటి నేర్చుకుని వెళ్లేది. ఇప్పుడు చాలా షోల్లో వినపడేది ‘చింపేశావ్’, లేకపోతే ‘డిసప్పాయింట్ చేశావ్’. ఈ రెంటితో పిల్లలు ఇంటికెళ్లి ఏం సాధన చేయాలి?

ఇంకొకటి. మగపిల్లలకి పన్నెండు, పదమూడేళ్లకి గొంతు మారుతుంది. మా శిష్యుడొకడు ఆడిషన్లో పై షడ్జం, అంటే పై ‘స’, అవలీలగా అందుకున్నాడు. షూటింగ్ నాటికి గొంతు మారడం మొదలైంది. శ్రుతి తగ్గించండి అని అడిగితే ‘ట్రాక్ రెడీ అయిపోయింది మేడమ్’ అన్నారు. రెండో చరణంలో గొంతు చీలింది, వాణ్ని ఆ రోజే పంపేశారు. గొంతు మారుతున్న పిల్లాడికి విశ్రాంతి కావాలి, తక్కువ శ్రుతిలో సాధన కావాలి. వాడికి దొరికింది మాత్రం యూట్యూబ్‌లో తన గొంతు చీలిన ముక్క, దాని కింద నవ్వుల బొమ్మలు. చాలా రోజులు క్లాసుకి రాలేదు.

లాయర్ బాబాయ్:
బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో ‘ఆర్టిస్ట్’ అంటే నటించే పిల్లలే కాదు, పాడే పిల్లలు కూడా. 2017 నిబంధనలు ఏమంటున్నాయంటే, రోజుకి 5 గంటలు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. 5 మంది పిల్లలకి మించకుండా ఒక బాధ్యుణ్ని పెట్టాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చదువు దెబ్బతినకూడదు.

చిక్కు ఎక్కడంటే, ఇవన్నీ 14 నిండని వాళ్లకే. టీచర్ గారు చెప్పిన గొంతు మారే వయసు దాటుతుండగానే ఈ రక్షణా పోతుంది. ఎలిమినేషన్ గురించి వీటిల్లో ఒక్క ముక్క లేదు. 2008లో కోల్‌కతాలో ఒక టీవీ డాన్స్ షోలో జడ్జీలు తిట్టాక టీనేజ్ అమ్మాయికి మాట పడిపోయిందని ఇంట్లోవాళ్లు చెప్తే దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ వేడి ఎన్నాళ్లుందో మీకే తెలుసు.

పాప అమ్మ:
మా అమ్మాయి ఒక షోలో పాడింది కాబట్టి చెప్తున్నా. పేరు అడక్కండి.

ఎలిమినేట్ అయిన రోజు అది ఏడ్చింది, నిజమే. బయటికొచ్చి పరోటా తినేసరికి మర్చిపోయింది. మర్చిపోనిది వాళ్ల నాన్న. అక్కడ నన్ను భయపెట్టింది ఎలిమినేషన్ కాదు, ఎదురుచూపులు. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు. పదికల్లా మేకప్, జడ, గాజులు అన్నీ అయిపోయాయి. దాని వంతు వచ్చేసరికి రాత్రి అయింది. మేకప్ చెరుగుతుందని పడుకోనివ్వలేదు. కుర్చీలోనే తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. లేపి, మంచినీళ్లు పట్టించి, నేరుగా మైకు ముందు నిలబెట్టారు. నిద్ర గొంతుతో పల్లవి ఎత్తుకుంటే శ్రుతి కలుస్తుందా? జడ్జి గారు ‘ఎనర్జీ లేదమ్మా’ అన్నారు.

వైజాగ్ శ్రోత:
ఇది మాత్రం అన్యాయం అక్కా. పోటీ ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను. కానీ పెద్ద గాయకుల కాల్షీట్ గంటల లెక్కన ఉన్నప్పుడు పిల్లలకి ఎందుకుండదు? లాయర్ గారూ, ఆ 5 గంటల్లో కూర్చోబెట్టిన టైమ్ కూడా కలుస్తుందా?

లాయర్ బాబాయ్:
నిబంధనలో ‘పని’ అని ఉంది. మేకప్ వేసి కదలనివ్వకుండా కూర్చోబెడితే అది పనే అని నేను వాదిస్తాను. ఛానల్ లాయర్ ఒప్పుకోడు. అందుకే సంతకం పెట్టే ముందు అడగాలి. అమ్మా, జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కాగితం మీకు చూపించారా?

పాప అమ్మ:
అలాంటిదొకటి ఉంటుందని ఇప్పుడే వింటున్నానండి. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితాలు ఇచ్చారు, వెనక క్యూ ఉంది త్వరగా సంతకం పెట్టండి అన్నారు. కాపీ ఇవ్వలేదు.

కృష్ణాతీరం:
ఎలిమినేషన్ మీద నా మాట నాదే. అది ఉంచాలని పట్టుబట్టేవాళ్లు కనీసం ఫలితం కెమెరా ఆపాక చెప్పొచ్చు కదా. ఎవరు వెళ్లిపోయారో తర్వాతి వారం చూస్తే తెలిసిపోతుంది.

వైజాగ్ శ్రోత:
దానికైతే నేనూ సరే. ఛానల్ వాళ్లు ఒప్పుకుంటారా అన్నదే.

పాప అమ్మ:
మా అమ్మాయి మళ్లీ వెళ్తానంటోంది. ఈసారి ఆడిషన్‌లోనే ఎన్ని గంటలకి పాడిస్తారు, కాగితం కాపీ ఇస్తారా అని అడుగుతాను. అందుకని సెలెక్ట్ చేయకపోతే చేయకపోనీ.