గదిలో తగ్గిన భయం బయట మళ్లీ ఎందుకు లేస్తోంది?

ప్రశ్న:
ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో (మానసిక గాయం జ్ఞాపకాన్ని పదేపదే ఎదుర్కొనేలా చేసే చికిత్స) క్లయింట్ చేత జ్ఞాపకాన్ని 40 నిమిషాలు చెప్పిస్తే బాధ స్థాయి నూటికి 90 నుంచి 30కి దిగుతోంది. బయట తలుపు దబ్బున పడితే మాత్రం మళ్లీ మొదటికే. జ్ఞాపకాన్ని ఒకసారి కదిపి, 10 నిమిషాలు ఆగి ఎక్స్‌పోజర్ మొదలుపెడితే భయం చెరిగిపోతుందంటున్నారు. ఆ పద్ధతి వాడొచ్చా?

జవాబు 1:
ఎక్స్‌పోజర్‌తో పాత భయం చెరిగిపోదండి. దాని పక్కనే "ఇప్పుడు ప్రమాదం లేదు" అనే కొత్త పాఠం ఏర్పడుతుంది. మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ పాఠం సాయంతో, భయాన్ని రేపే అమిగ్డలాను అణుస్తుంది. ఆ పాఠం ఎక్కడ చెల్లుతుందో గుర్తుపట్టడంలో మెదడులోని మరో భాగం హిప్పోక్యాంపస్‌ది ముఖ్య పాత్ర. అన్ని సెషన్లూ ఒకే కుర్చీలో, మీరు ఎదురుగా ఉండగానే జరిగితే భద్రత ఆ గదికే అంటుకుపోతుంది.

అందుకే సెషన్‌లో అంకె ఎంత దిగిందన్నదాన్ని అంతగా నమ్మకండి. మొదలుపెట్టే ముందు క్లయింట్ చేత ఇలా రాయించండి: "ఈ చప్పుడు విని పది నిమిషాలు ఇక్కడే ఉంటే నాకు అదుపు తప్పుతుంది. నమ్మకం నూటికి 80." అయ్యాక నిజంగా ఏం జరిగిందో దాని కిందే రాయించండి. ఊహకూ జరిగినదానికీ ఎంత తేడా ఉంటే పాఠం అంత గట్టిపడుతుంది. తర్వాత అదే చప్పుడు వేరే గదిలో, ఆ తర్వాత రాత్రిపూట, ఒంటరిగా. జేబులో ఆందోళన తగ్గించే మాత్ర పెట్టుకుని చేస్తే "మాత్ర ఉంది కాబట్టి గట్టెక్కాను" అన్నదే మిగులుతుంది.

జవాబు 2:
10 నిమిషాల సంగతి. గుర్తుకొచ్చిన భయ జ్ఞాపకం మళ్లీ స్థిరపడాలంటే అమిగ్డలాలో ప్రొటీన్ తయారీ అవసరమని 2000లో నాడర్, షాఫే, లెడూ అనే పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. 2010లో షిల్లర్ బృందం మనుషులపై చేసింది: భయాన్ని గుర్తు చేసిన 10 నిమిషాలకు, షాక్ లేకుండా చూపించడం మొదలుపెట్టినవాళ్లలో భయం తిరిగి రాలేదు, 6 గంటలు ఆగినవాళ్లలో వచ్చింది. కానీ అక్కడ భయమంటే రంగు చతురస్రం కనిపిస్తే మణికట్టుకు చిన్న షాక్ తగులుతుందన్నది మాత్రమే. పైగా తర్వాత ప్రయత్నించిన అందరికీ అదే ఫలితం రాలేదు. ఏళ్లనాటి గాయానికి దీన్ని నమ్ముకుని మామూలు ప్రొటోకాల్‌ను పక్కనపెట్టొద్దు.

జవాబు 3:
ఇంకొకటి చూసుకోండి. అంకె హఠాత్తుగా పడిపోయి, గొంతు చప్పబడి, చూపు ఒకచోటే నిలిచి, జవాబు ఆలస్యమైతే అది భయం తగ్గడం కాదు, డిసోసియేషన్ (మనసు ఇక్కడి నుంచి తెగిపోవడం) కావచ్చు. ఆ స్థితిలో కొత్త పాఠం ఎక్కదు. కళ్లు తెరిపించండి, పాదాలు నేలకు ఆనించమనండి, వర్తమానంలో చెబుతున్న కథను భూతకాలంలోకి మార్పించండి. మనసు మళ్లీ గదిలోకి వచ్చాక ఆగినచోటి నుంచే సాగించాలి. అక్కడితో సెషన్ ముగించేస్తే తప్పించుకోవడమే అలవాటవుతుంది.