‘కంఫర్టేబుల్’ అనే ఉచ్చారణ ఎక్కడి నుంచి వచ్చింది?

తమ పిల్లలు ‘కంఫర్టబుల్’ను ‘కంఫర్టేబుల్’ అంటున్నారనీ, ఇంగ్లీషుకు మన నాలుక తిరగదేమోననీ బొబ్బిలి మాస్టారు అడిగారు. ఇందులో నాలుక తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఆ మాటలో మనం పలకలేని ధ్వని ఒక్కటీ లేదు. పిల్లవాడు దాన్ని చెవితో వినకముందే పుస్తకంలో చూస్తాడు. చివర ‘టేబుల్’ కనిపిస్తుంది. రాసినదంతా పలికే లిపికి అలవాటుపడినవాడు కనుక అలాగే చదువుతాడు. ఇంగ్లీషువారు మొదటి అక్షరాన్ని ఊని పలికి, నడిమి అక్షరాన్ని మింగేసి ‘కంఫ్‌టబుల్’ అంటారు. ఈ ఊనికను బడిలో చెప్పేవారు అరుదు, ఎందుకంటే ఉపాధ్యాయులు కూడా ఇంగ్లీషును ఎక్కువగా పుస్తకాల్లోనే నేర్చుకున్నారు.

మాతృభాష ప్రభావం లేదని కాదు. పడమరను చెప్పే ‘వెస్ట్’కు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనీనును చెప్పే ‘వెస్ట్’కు పై పళ్లు కింది పెదవిని తాకాలి. మన వకారం ఈ రెంటికీ నడుమ ఉండడం వల్ల మన చెవికి రెండూ ఒక్కటే. పూర్తిగా కొత్తదైన ధ్వని కంటే సొంత ధ్వనికి దగ్గరగా ఉన్నదే ఎక్కువ చిక్కు పెడుతుందని భాషాశాస్త్రవేత్త జేమ్స్ ఫ్లెగే 1995లో ప్రతిపాదించినది ఇటువంటి వాటి గురించే. అయితే మాతృభాష సాయపడే చోట్లు కూడా ఉన్నాయి. ‘మేకు’లో కంటే ‘మేక’లో నోరు ఎక్కువగా తెరుచుకుంటుంది, ఆ అచ్చును కాస్త కుదిస్తే ‘బ్యాట్’లోని అచ్చుకు చాలా దగ్గరవుతుంది.

వయసు సంగతికి వస్తే, యౌవనం వచ్చాక భాష సహజంగా అబ్బడం కష్టమని భాషకూ మెదడుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించిన లెన్నెబర్గ్ 1967లో వాదించారు. అది కొంతవరకు నిజమే. కాని, జపాను పెద్దలకు ఇంగ్లీషు ర, ల ధ్వనులను పలువురి గొంతుల్లో పదేపదే వినిపించగా, వారు ఆ తేడాను మునుపటికంటే బాగా పట్టుకోగలిగారని 1991లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మన శ్రీకాకుళం సీమవారైన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, తెలుగులో లేని కంఠధ్వనులున్న సవర భాషను సవర గిరిజనుల నోటి నుంచే నేర్చుకున్నారు. చదువుకోవడానికి పుస్తకాలు లేని ఆ భాషకు చెవి ఒక్కటే దారి. 1931లో వెలువడిన వారి సవర మాన్యువల్ ఆ శ్రమ ఫలితమే.

పిల్లలు సిక్కోలు యాసను దాచుకోవాలని నేను అనడం లేదు. ఎదుటివారికి మాట తెలిస్తే చాలు. కనుక మాస్టారూ, కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు పుస్తకం తెరిపించకముందే అందులోని మాటలను ఫోనులో నలుగురైదుగురి గొంతుల్లో వినిపించి, పిల్లల చేత అనిపించి, ఆ తరువాతే స్పెల్లింగు బోర్డు మీద రాయండి.