‘రిజిస్టర్డ్ కీపర్’ని తెలుగులో ఏమనాలి?

రెడింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా వీధిలో ఉండే పెద్దాయనకి డబ్బు కట్టమని ప్రైవేట్ కార్ పార్క్ వాళ్ల నోటీసు వచ్చింది. వంద పౌండ్లు, 14 రోజుల్లో కడితే అరవై. కాగితాలు ఆయన పేరున ఉన్నాయి గానీ బండి ఇంట్లో ముగ్గురు నడుపుతారు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు, ఈ లాయర్ వాక్యాలే మింగుడుపడటం లేదు. తెలుగులో రాసిపెడదామని కూర్చుని ‘రిజిస్టర్డ్ కీపర్’ దగ్గర ఆగిపోయాను. ‘వాహన యజమాని’ అంటే సరిపోతుందా?

గుంటూరు నుంచి:
ఎందుకు సరిపోదండీ? ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే వాళ్లే యజమాని. 1988 మోటారు వాహనాల చట్టంలో ‘ఓనర్’ నిర్వచనం కూడా దాదాపు అదే.

లెస్టర్ నుంచి:
మన దగ్గర సరే. బ్రిటన్‌లో అలా కాదు మాస్టారూ. ఇక్కడి లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) మీదే, ఇందులో పేరున్నంత మాత్రాన ఓనర్ అని రుజువు కాదని అచ్చు వేసి ఉంటుంది. లీజు కారుకి ఓనర్ ఫైనాన్స్ కంపెనీ, కీపర్ మనం, ఆ రోజు నడిపింది బావమరిది కావచ్చు. ముగ్గురూ వేరు. ప్రైవేట్ పార్కింగ్‌లో ఒప్పందం కుదిరేది బోర్డు చూసి బండి నిలిపిన మనిషితో. ఆ మనిషెవరో కంపెనీకి తెలియనప్పుడు కీపర్‌ని పట్టుకోవడానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక దారి ఉంది. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, షెడ్యూల్ 4. నోటీసులో ఏయే మాటలు ఉండి తీరాలో అందులో రాసి ఉంది. అవి లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. ‘యజమాని’ అని రాస్తే పెద్దాయన ‘బండి నాది, డబ్బు నేనే కట్టాలి కాబోలు’ అనుకుంటారు.

వరంగల్ నుంచి:
అయితే ‘నమోదుదారు’ అందామా?

గుంటూరు నుంచి:
అది నమోదు చేసే ఆఫీసరులా వినిపిస్తోంది. మన భూముల అడంగల్‌లో పట్టాదారు, అనుభవదారు అని రెండు గడులు ఉంటాయి కదా. పేరు కాగితంలో ఉన్నవాడు పట్టాదారు, భూమి చేతిలో ఉంచుకున్నవాడు అనుభవదారు. ఆ లెక్కన కీపర్ పట్టాదారు, డ్రైవర్ అనుభవదారు.

లెస్టర్ నుంచి:
మంచి మాట తెచ్చారు, కానీ తిరగేయాలి. చట్టం ప్రకారం కీపర్ అంటే ఆ సమయానికి బండిని తన దగ్గర ఉంచుకున్నవాడు. కాదని రుజువయ్యేదాకా రిజిస్టర్‌లో పేరున్నవారే కీపర్ అనుకుంటారు. అంటే ఈయన అనుభవదారుకే దగ్గర. నన్నడిగితే ‘కీపర్’ అనే ఉంచేసి, మొదటిసారి వచ్చినచోట ‘అంటే బండి ఎవరి దగ్గర ఉంటుందో వారు’ అని ఒక ముక్క చేర్చండి. కొత్త మాట పుట్టిస్తే ఆయన దాన్ని నోటీసులో ఎక్కడ వెతుక్కుంటారు?

రెడింగ్ నుంచి:
సరే. ఇప్పుడు అసలు వాక్యం. నోటీసు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదానికి అర్థం ఇలా తేలింది: ‘మీరు డ్రైవర్ వివరాలు ఇవ్వకపోతే, మీరే నడిపారన్న ఊహతో మీ వెంట పడవచ్చు.’ ఇది చట్టం అడిగిన మాటేనా?

లెస్టర్ నుంచి:
కాదు. చట్టం అడిగినది షెడ్యూల్ 4 తొమ్మిదో పేరాలో ఉంది. విండ్‌స్క్రీన్ మీద ఏమీ అతికించకుండా, కెమెరా ఫొటోతో పోస్టులో వచ్చే నోటీసుకి ఆ పేరానే. విషయాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు:

‘ఈ నోటీసు మీకు అందిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 28 రోజులు గడిచాక కూడా ఛార్జీ పూర్తిగా కట్టకుండా ఉండి, నడిపినవారి పేరు, చిరునామా రెండూ మాకు తెలియకుండా ఉంటే, షెడ్యూల్‌లోని షరతులన్నీ తీరిన పక్షంలో, మిగిలిన మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు మాకు ఉంటుంది.’

పక్కపక్కన పెట్టి చూడండి. చట్టంలోది హెచ్చరిక: ఫలానా రోజు తర్వాత హక్కు ‘ఉంటుంది’. మీ నోటీసులోది ఊహ: వెంట ‘పడవచ్చు’. 28 రోజుల లెక్క కనిపించదు, షరతుల ఊసు లేదు. ఇలా రాసే కంపెనీలు చాలాసార్లు షెడ్యూల్ 4 జోలికే పోవు, కీపరే డ్రైవర్ అని వాదిస్తాయి. దాన్ని రుజువు చేయాల్సిన బరువు వాళ్లదే. అన్నట్టు నోటీసు రావడానికి పార్కింగ్ మర్నాటి నుంచి 14 రోజుల గడువు కూడా ఉంది, ఉత్తరం మీద తేదీ ఏముంది?

రెడింగ్ నుంచి:
పార్కింగ్ 2025 మార్చి 1, శనివారం. ఉత్తరం పోస్టు చేసిన తేదీ 14, శుక్రవారం. 14 రోజుల్లోపే కదా?

లెస్టర్ నుంచి:
‘లోపు పంపాలి’ వేరు, ‘లోపు అందాలి’ వేరు. చట్టం చూసేది అందడాన్ని. పోస్టు చేశాక రెండో పనిదినానికి అందినట్టు లెక్క, కాదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప. మార్చి 2 నుంచి 14 రోజులంటే 15తో సరి. 14న పోస్టు చేస్తే మధ్యలో శని, ఆదివారాలు పోను 18 మంగళవారానికి అందినట్టు. గడువు దాటింది. నేనైతే అప్పీల్‌లో ముందు ఇదే రాస్తాను. ఊహ గురించి తర్వాత. తేదీలకి భాష్యం అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి:
మా అపార్ట్‌మెంట్ గేటు మీద ‘వాహనములు నిలపరాదు. నిలిపినచో గాలి తీయబడును’ అని ఉంది. ఇదీ ఒప్పందమేనా? 😄

లెస్టర్ నుంచి:
నవ్వకండి, ఇక్కడ బ్రిటన్‌లో ఇలాంటి వాదన నిజంగానే ఉంది. ‘రెండు గంటలు ఉచితం, దాటితే ఇంత’ అన్న బోర్డు ఒక ప్రతిపాదన. ‘పర్మిట్ లేనివారు నిలపరాదు’ అన్నది ఉత్త నిషేధం, పర్మిట్ లేనివాడికి అది ఇచ్చిందేమీ లేదు, ఇక ఒప్పందం ఎక్కడిది? కొందరు కౌంటీ కోర్టు జడ్జీలు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. బోర్డు ఫొటో తీసుకోకుండా మాత్రం ఈ వాదన ఎత్తవద్దు.

వరంగల్ నుంచి:
అసలు వంద పౌండ్లు జరిమానాయే కదా, ప్రైవేట్ వాడికి జరిమానా వేసే అధికారం ఎక్కడిది అని ఒక్క ముక్క రాస్తే?

లెస్టర్ నుంచి:
ఆ వాదనకి 2015లోనే కాలం చెల్లింది అన్నా. చెమ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్, 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కార్ పార్క్‌లో చోటు త్వరగా ఖాళీ అయ్యేలా చూడటంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉంది, బోర్డులు పెద్దవిగా స్పష్టంగా ఉన్నాయి, ఈ మొత్తం చెల్లుతుంది అన్నారు. కాబట్టి మాటలు పట్టుకుని వాదించాలంటే నోటీసు మాటలు పట్టుకోండి, జరిమానా అన్న మాట వదిలేయండి.

రెడింగ్ నుంచి:
ఆయన చెప్పగా తెలుగులో చిత్తు రాశాను: ‘ఆ రోజు షాపులో ఆలస్యమైంది, అందుకే బండి తీయలేకపోయాను.’ దీన్నే ఇంగ్లీషులోకి మార్చి పంపనా?

లెస్టర్ నుంచి:
ఆగండాగండి! ‘తీయలేకపోయాను’లో ఆ చివరి ‘ను’తో డ్రైవర్ ఎవరో తేలిపోయింది. డ్రైవర్ తేలితే షెడ్యూల్ 4తో పనే లేదు, నేరుగా ఆయన్నే అడుగుతారు. ‘నేను ఈ బండి కీపర్‌ని. నోటీసు గడువులోపు అందలేదు, చట్టం అడిగిన హెచ్చరిక అందులో లేదు, కాబట్టి కీపర్‌గా నా మీద బాధ్యత లేదు’ అంతే రాయమనండి. అబద్ధం ఒక్కటీ వద్దు. ‘నేను నడపలేదు’ అని రాయవద్దు, నడిపి ఉంటే అది అబద్ధమవుతుంది. ప్రైవేట్ కంపెనీకి డ్రైవర్ పేరు చెప్పి తీరాలన్న చట్టం లేదు. పోలీసులు అడిగితే మాత్రం వేరే సంగతి, 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం 172 సెక్షన్ కింద చెప్పి తీరాలి.

గుంటూరు నుంచి:
మన క్రియాపదం సాక్ష్యం చెబుతుందన్నమాట.

లెస్టర్ నుంచి:
అవును. అప్పీల్‌ని కంపెనీ కాదంటే వాళ్లిచ్చే కోడ్‌తో పోప్లాకి గానీ ఐఏఎస్‌కి గానీ (రెండూ పార్కింగ్ అప్పీళ్లు వినే సంస్థలు) వెళ్లవచ్చు, ఆ కంపెనీ ఏ పార్కింగ్ సంఘంలో ఉందో దాన్నిబట్టి. కలెక్షన్ ఏజెన్సీ ఉత్తరాలకి టెన్షన్ పడక్కర్లేదు. కోర్టు క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం పక్కన పడేయవద్దని పెద్దాయనకి గట్టిగా చెప్పండి, దానికి 14 రోజుల్లో స్పందించాలి. ఇంతకీ ఆ స్థలం విమానాశ్రయం లోపలిది కాదు కదా? అక్కడ సొంత బైలాస్ (ఆ స్థలానికే చేసిన నియమాలు) ఉంటే షెడ్యూల్ 4 వర్తించకపోవచ్చు.

రెడింగ్ నుంచి:
కాదండీ, సూపర్‌మార్కెట్ వెనకది. చిత్తు మార్చి సాయంత్రం పెడతాను, చూసి చెప్పండి.