"సుతం సుతాం వా": చివర 'తం' ఆ, 'తాం' ఆ?

అరసున్న:
విరాటుడి కొలువులో అర్జునుడు తన పరిచయం తానే చెప్పుకునే శ్లోకం కొన్నాళ్లుగా వెంటాడుతోంది. "బృహన్నడాం వై నరదేవ విద్ధి మాం, సుతం సుతాం వా..." వరకు నోటికి వస్తుంది. తర్వాత "పితృమాతృ" అని ఏదో ఉంది. చివర 'వర్జితం' ఆ, 'వర్జితాం' ఆ? లఘుచిత్రానికి మాటలు రాస్తున్న స్నేహితురాలి కోసం అడుగుతున్నాను. అందులో ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ మహిళ ఈ భావం తెలుగులో చెప్పాలి.

ద్రుతం:
"సుతం సుతాం వా పితృమాతృవర్జితామ్". 'తాం' అండి, అనుమానం లేదు. కొడుకో కూతురో, తల్లీ తండ్రీ లేని బృహన్నలను అనుకో రాజా అని. దాని ముందరి మాట కూడా మీ స్నేహితురాలికి చెప్పండి: నా రూపం ఇలా ఎందుకు ఉందో చెప్పుకుంటే దుఃఖం పెరగడం తప్ప ఏముంది అంటాడు. ఇక ఇది వంశస్థం అనే వృత్తం. పాదాంతం ఎలాగూ గురువే కాబట్టి 'తం' అన్నా 'తాం' అన్నా గణాలు చెడవు. ఛందస్సు తేల్చదు, వ్యాకరణమే తేల్చాలి.

గసడదవ:
అందులో అంత విశేషం ఏముంది? పక్కనే 'సుతాం' ఉంది కాబట్టి విశేషణం దాని లింగం తీసుకుంది. సామీప్యం.

ద్రుతం:
సామీప్యం అయితే మొదట్లో 'బృహన్నడాం' ఎందుకు స్త్రీలింగం అయింది? 'విద్ధి మాం' (నన్ను తెలుసుకో) అన్నప్పుడే లింగం ఖాయమైపోయింది. "సుతాం సుతం వా" అని తిప్పినా గణాలు కుదురుతాయి. కొడుకు మాట ముందు చెప్పి కూతురు మాట దగ్గర ఆగడం కవి ఇష్టపడి చేసిన పని అని నా నమ్మకం.

ఆమ్రేడితం:
బృహన్నల పేరెత్తితే నా మనసు తిక్కన దగ్గరికే పోతుంది. "కాంచనమయ వేదికా కనత్కేతనోజ్జ్వల విభ్రమమువాడు కలశజుండు" అంటూ కౌరవ యోధులను ఒక్కొక్కరినీ జెండా గుర్తుతో ఉత్తరుడికి చూపించే సీసం. 'నర్తనశాల'లో ఘంటసాల గొంతులో విన్నవాళ్లకు ఆ 'వాడు' 'వాడు' చెవిలో మోగుతూనే ఉంటుంది. 'పడగవాడు', 'సిడమువాడు' అని సీసం చివరి ఎత్తుగీతిలో ఎలా మెరుపు తెప్పించాడో చూడండి. జెండాకు ఇన్ని మాటలు వాడిన కవి ఇంకొకరున్నారా?

గసడదవ:
తిక్కన సంగతి సరే, ప్రశ్న వేరు కదా.

ఆమ్రేడితం:
వేరు కాదండి. 1963లో హాల్లో కూర్చున్నవాళ్లకు తెర మీద ఉన్నది అర్జునుడని, గడువు తీరితే ఆ వేషం పోతుందని తెలుసు. అందుకే గౌరవంగా చూశారు. వేషం కాకుండా మనిషే అలా ఉంటే? తర్వాత ఎన్నేళ్లు చప్పట్లు కొట్టించి, గొంతు మార్చి నవ్వించాం! 2011లో 'కాంచన' వచ్చాక శరత్‌కుమార్ వేసిన పాత్ర కష్టానికి జనం కరిగారు. కానీ అక్కడ ఆ మనిషి చచ్చి దెయ్యమయ్యాక గానీ న్యాయం దొరకలేదు.

యతిప్రాస:
ఒక చిక్కు చెప్తాను. కన్నడంలో 2015లో వచ్చిన సినిమా 'నాను అవనల్ల... అవళు'. సంచారి విజయ్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చింది. ఆ పేరు తెలుగులో పెట్టండి చూద్దాం. 'నేను వాడిని కాదు' వరకు బాగానే ఉంది. 'అవళు'కి చనువైన మాట మనకేది? 'ఆమె' అంటే మర్యాద ఎక్కువైంది. 'అది' అంటే వస్తువునీ అంటాం. తమిళంలో 'వందాళ్' వేరు, 'వందదు' వేరు. మనకు రెండూ 'వచ్చింది'. అందుకే మన దగ్గర అవమానం వ్యాకరణం చాటున దాక్కుంటుంది.

గసడదవ:
చిన్నయసూరి బాలవ్యాకరణంలో "స్త్రీతిర్యగ్జడభిన్నంబులును వాని విశేషణంబులును మహత్తులు" అన్నాడు. ఆడవాళ్లు, జంతువులు, జడాలు కానివన్నీ మహత్తులే, అంటే 'వాడు' అనదగినవే. ఆ లెక్కన బృహన్నల 'వచ్చాడు'.

ద్రుతం:
ఎవరు స్త్రీ అన్నది సూత్రం చెప్పదు. ఆ మాట ఆ మనిషి చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో చెప్పిందీ అదే. 1329 ఫసలీ (1919) నాటి నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. చట్టం మారాక కూడా మన క్రియాపదం మారనంటే ఎలా?

యతిప్రాస:
నా మట్టుకు 'నేను' అనిపిస్తే చాలు. హిందీలో 'ఆయా', 'ఆయీ' తేల్చుకోవాలి. తెలుగులో 'నేను వచ్చాను'కి లింగం లేదు. పి. సత్యవతి గారి అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ' తీసుకోండి. ఆ ఆత్మకథ రాసిన రేవతి కథంతా ఆ 'నేను' మీదే నడుస్తుంది. సినిమా ఇన్నేళ్లూ వాళ్ల గురించి మూడో మనిషిలో మాట్లాడింది, అక్కడే చెడింది.

అరసున్న:
అందరికీ ధన్యవాదాలు. స్నేహితురాలు ఇలా రాసింది: "కొడుకనుకో, కూతురనుకో. కన్నవాళ్లు వదిలేసినదాన్ని."

గసడదవ:
చూశారా, యతిప్రాస గారి 'నేను' ఇక్కడ నిలబడలేదు. 'వదిలేసినవాణ్ణి', 'వదిలేసినదాన్ని', ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. పైగా 'వర్జిత' అంటే 'లేని' అని కూడా. వదిలేశారని శ్లోకంలో ఎక్కడుంది?

యతిప్రాస:
"కన్నవాళ్లు నన్ను వదిలేశారు" అంటే సరిపోతుంది. లింగం ఊసే రాదు.

ద్రుతం:
ఆ ఊసు రావాలనే కదా ఆ పాత్ర నోరు విప్పింది! శ్లోకంలో 'తాం' ఉన్నట్టే ఇక్కడ 'దాన్ని' ఉండనివ్వండి. పాత్ర వేస్తున్నావిడతో రెండు వాక్యాలూ పలికించి చూడమనండి.

గసడదవ:
నేను ఇప్పటికీ సామీప్యమే అంటాను. మహాభారతానికి నీలకంఠుడు రాసిన వ్యాఖ్య తిరగేసి వచ్చి మాట్లాడతా.

ఆమ్రేడితం:
తిరగేసే ముందు 'సిడము' సంగతి ఎవరైనా చెప్పండి. 'సిడెము' అన్న పాఠం కూడా ఒప్పేనా?