‘కొలైడర్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం తొలి కొలైడర్ల (అణువు కన్నా చిన్న కణాలను వేగంగా పంపి ఢీకొట్టించే యంత్రాల) మీద వ్యాసం రాస్తున్నాను. ‘కణ తాడన యంత్రం’ అంటే సరిపోతుందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: వద్దండీ. తాడనం అంటే ఒకటి కొడుతుంది, ఇంకొకటి దెబ్బ తింటుంది. అది పాత పద్ధతి. కదలని లోహపు రేకు మీదికి కణాలను వదిలేవారు, శక్తి చాలామటుకు ముక్కలను ముందుకు నెట్టడానికే అయిపోయేది. రెండు వైపుల నుంచీ సమాన వేగంతో వచ్చి తగిలితే ఆ వృథా ఉండదు, శక్తంతా కొత్త కణాలు పుట్టడానికి పనికొస్తుంది. నార్వే ఇంజనీరు రోల్ఫ్ విడెరో ఈ ఆలోచనకు 1943లోనే జర్మనీలో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అంటే అసలు కీలకం ‘ఎదురెదురు’లో ఉంది. ‘ఎదురెదురుగా ఢీ’ అని పేపర్లలో రోజూ చదువుతూనే ఉంటాం. ‘ఎదురుఢీ యంత్రం’ అనండి, పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

ఇంకొక జవాబు: ‘ఎదురుఢీ’ నాకూ నచ్చింది. అయితే ఎలక్ట్రాన్లనూ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లనూ ఢీకొట్టించిన తొలి యంత్రం పేరులో ఢీ అన్న మాటే లేదు. వియన్నాలో పుట్టిన బ్రూనో టౌషెక్ 1960లో రోమ్ దగ్గరి ఫ్రస్కాతీలో ప్రతిపాదించిన ‘అదా’ పేరు ఇటాలియన్‌లో ‘పోగుచేసే వలయం’ అన్నదానికి పొడి అక్షరాలు. రెండు కణాల ఆవేశాలూ వ్యతిరేకం కాబట్టి ఒకే అయస్కాంతం కింద, ఒకే గొట్టంలో అవి ఎదురు దిశల్లో తిరుగుతాయి. ఎంత అందమైన ఆలోచనో! 1961లో ఎలక్ట్రాన్లు వలయంలో నిలిచాయి, కానీ ఢీలు కనబడేటన్ని కణాలు పోగవలేదు. 1962లో మొత్తం యంత్రాన్ని లారీకెక్కించి, లోపలి శూన్యం చెడకుండా పంపును బ్యాటరీలతో నడుపుతూ, ఫ్రాన్స్‌లోని ఓర్సేకి చేర్చారు. అక్కడి లీనియర్ యాక్సిలరేటర్ (కణాలను తిన్నని దారిలో వేగవంతం చేసే యంత్రం) చాలా ఎక్కువ కణాలను ఇచ్చేది. ఢీలు జరుగుతున్నాయని తేలింది అక్కడే. అందుకని ‘నిల్వ వలయం’ అన్న మాట కూడా వ్యాసంలో ఉండాలని నా పట్టు.

ప్రశ్న: ‘పోగు వలయం’ అనకూడదా?

జవాబు: పోగు అనగానే నూలుపోగో చెవిపోగో గుర్తొస్తుంది. ‘నిల్వ’ మేలు. ఇంకొక్క మాట. ఓర్సేలో 1963లో బయటపడ్డ ‘టౌషెక్ ప్రభావం’ రాస్తే దానికి ‘ఎదురుఢీ’ వాడకండి. అందులో ఒకే గుంపుగా, ఒకే దిశలో పోయే కణాలు ఒకదానికొకటి తగిలి దారి తప్పి పోతాయి, నిల్వ తరుగుతుంది. దానికి ‘ఒరిపిడి’ సరిగ్గా అతుకుతుంది.