అప్‌డేట్: ఆజాద్ పిస్టల్ చెక్క నమూనా

చంద్రశేఖర్ ఆజాద్ పిస్టల్‌కి ప్రదర్శన కోసం చెక్కతో నమూనా చెయ్యాలి, అసలుది ఏ మోడల్, కొలతలు ఎలా పట్టాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పని చాలావరకు కొలిక్కి వచ్చింది.

అది కోల్ట్ 1903 పాకెట్ మోడల్, .32 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో సుమారు 0.32 వంతు). 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో ఆజాద్ చేతిలో ఉన్నది అదే. తర్వాత ఇంగ్లాండు చేరి, 1970లలో మన దేశానికి తిరిగొచ్చింది. ఇప్పుడు అదే పార్కులోని అలహాబాద్ మ్యూజియంలో ఉంది. ఆయన ప్రాణం వదిలిన చోటికి అంత దగ్గర్లో ఉండటం నాకెంతో సబబుగా అనిపిస్తుంది.

ఫొటోల మీద స్కేలు పెట్టి కొలవొద్దని ఒకరు చెప్పింది బాగా పనికొచ్చింది. పిస్టల్ కాస్త ఏటవాలుగా తిరిగి ఉన్న ఫొటోలో గొట్టం పొట్టిగా కనిపిస్తుంది. అందుకే ఈ మోడల్ మొత్తం పొడవు సుమారు 6.75 అంగుళాలు అన్నది ఆధారంగా పెట్టుకుని, సరిగ్గా పక్కనుంచి సూటిగా తీసిన ఫొటోలోంచే మిగతావి లెక్కగట్టాను.

చెక్కేటప్పుడు అసలు కష్టం వెనకవైపే. తూటాని పేల్చే సుత్తి (హ్యామర్), స్లైడ్ అనే ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం లోపలే దాగి ఉంటుంది కాబట్టి బయట ఏ కొక్కెమూ కనబడకూడదు, నున్నగా గుండ్రంగా దిగాలి. పిడి వెనక మాత్రం గ్రిప్ సేఫ్టీ పలక (పిడిని గట్టిగా పట్టుకుని దీన్ని నొక్కితేనే పిస్టల్ పేలుతుంది) కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని విడి ముక్కగా చేసి అతికించాను. గొట్టానికి రంధ్రం పెట్టలేదు, నల్ల రంగు చుక్కతో సరిపెట్టాను. ఇక మిగిలింది రంగు వెయ్యడమే.