“లేమిలో” అనా, “లేమిలోనుండి” అనా?

సండేస్కూలు ఉపాధ్యాయురాలు, ఏలూరు:
పెద్దలందరికీ వందనాలు. పిల్లలకు కంఠత వాక్యం రాసి ఇవ్వడానికి కూర్చున్నప్పటి నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. దేవాలయపు కానుక పెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసిన బీద విధవరాలిని గురించి యేసు చెప్పిన మాటను మా నాయనమ్మ కుటుంబ ప్రార్థనలో ఎప్పుడూ “యీమె తన లేమిలోనుండి జీవనమంతయు వేసెను” అనే చెప్పేది. తెలుగు బైబిలు అచ్చులో మార్కు 12:44 మాత్రం “వారందరు తమకు కలిగిన సమృద్ధిలోనుండి వేసిరిగాని, యీమె తన లేమిలో తనకు కలిగినదంతయు, అనగా తన జీవనమంతయు వేసెను” అని ఉంది. ధనవంతులకు “లోనుండి”, విధవరాలికి ఉత్త “లో”. లూకా 21:4లోనూ ఇదే తేడా కనిపిస్తున్నది. ఈ “నుండి”ని అనువాదకులు తెలిసి వదిలారా, లేక వాక్యపు నడక కోసం అది జారిపోయిందా?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:
తెలిసి వదిలారనే నా నమ్మకం, అమ్మా. “నుండి” అన్న మాటకు వెనుక ఒక రాశి కావాలి. గాదెలోనుండి తీస్తాం, మూటలోనుండి తీస్తాం, తీసిన తరువాత ఎంతో కొంత మిగిలి ఉంటుందన్న ధ్వని ఆ పంచమ్యర్థంలోనే ఉన్నది. ధనవంతులు వేసిన తరువాత వారి సమృద్ధి అలాగే ఉన్నది కనుక వారికి “లోనుండి” చక్కగా అమరింది. లేమి రాశి కాదు, మనిషి బతుకుతున్న స్థితి. దానిలోనుండి తీయడానికి ఏమున్నది? అందుచేత ఆమెకు “లో” అనే సప్తమి వాడి, ఆమె ఎక్కడ నిలబడి ఇచ్చిందో చూపించారు. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన అనువాదకుడు తెలుగు నుడికారం బాగా తెలిసినవాడై ఉండాలి.

వేదాంత విద్యార్థి, విశాఖపట్నం:
మాస్టారి వ్యాఖ్య అందంగా ఉంది గాని, మూలం దానికి ఒప్పుకోదు. గ్రీకులో మార్కు రెండుచోట్లా “నుండి” అని అర్థమిచ్చే “ఎక్” అనే ఒకే విభక్త్యర్థకాన్ని వాడాడు, లూకా కూడా అంతే. వల్గేటు అనే పాత లాటిను బైబిలులో మొదటిచోట “ఎక్స్”, రెండవచోట “దె” ఉన్నాయి, రెండింటికీ “నుండి” అనే అర్థం. మన పక్కనే ఉన్న తమిళ బైబిలులో “పరిపూరణత్తిలిరుందు”, “వఱుమైయిలిరుందు” అని రెండుచోట్లా “ఇరుందు” నిలిచింది. సమృద్ధి నుండి తీసినట్లే లేమి నుండి కూడా తీయవచ్చునని చెప్పడమే ఆ వాక్యంలోని విడ్డూరం. రెండింటినీ ఒకే తూకపురాయితో తూచిన తరువాత ఆమె పళ్లెం బరువెక్కింది. తెలుగులో ఆ రెండవ “నుండి” పోవడంతో ఆ పోలిక పలచబడిందని నేను అనుకుంటున్నాను. ఏలూరు సోదరి గారి నాయనమ్మ మూలానికి దగ్గరగా ఉన్నారు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:
మూలంలో ఒకే మాట ఉన్నంత మాత్రాన తెలుగులోనూ ఒకే మాట ఉండాలన్న నియమం లేదు. మీరు మెచ్చుకున్న మూలవిధేయతనే పట్టుకుంటే “బియొస్” అన్న మాటను లూకా 15:12లో “ఆస్తి” అనీ, ఇక్కడ “జీవనము” అనీ ఎందుకు అనువదించారో చెప్పండి. తప్పిపోయిన కుమారుని తండ్రి పంచిపెట్టినదీ, ఈ విధవరాలు పెట్టెలో వేసినదీ గ్రీకులో ఒకటే మాట. ఆయనకు పొలాలు, పనివారు ఉన్నారు కనుక అది ఆస్తి అయింది, ఈమెకు రెండు కాసులే ఉన్నాయి కనుక అది జీవనమైంది. సందర్భాన్ని బట్టి మాట మార్చే స్వాతంత్ర్యాన్ని అక్కడ ఒప్పుకున్నవారు ఇక్కడ కాదనడం న్యాయం కాదు.

స్త్రీల మైత్రి సభ్యురాలు, ఖమ్మం జిల్లా:
వ్యాకరణం నాకు మీ అంత తెలియదు గాని, లేమిలోనుండి తీయడానికి ఏమున్నదని మాస్టారు గారు అడిగారు కనుక రాస్తున్నాను. మా అమ్మ పొద్దున ఇంట్లో ఎంతమంది తింటారో చూసుకుని సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకునేది. రాళ్లు ఏరి, కడగడానికి ముందు, ఆ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. డబ్బాలోంచి తీయవచ్చు కదా అని నేను అడిగితే, డబ్బాలోంచి తీస్తే ఎవరికీ తగ్గదు కదా అన్నది. కొలతలోంచి తీస్తే ఆ పూట ఎవరో ఒకరికి తగ్గాలి, అది ఎప్పుడూ అమ్మ కంచంలోనే తగ్గేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. దోర్నకల్ ప్రాంతంలో 1912 నుంచి 1945 వరకు బిషప్పుగా ఉన్న అజరయ్య గారు, కూలికి వెళ్లే పల్లె సంఘాలను కూడా కానుకల భాగ్యానికి దూరంగా ఉంచకూడదని బోధించారని మా పెద్దలు చెప్పేవారు. పేదవాడి చేతిని ఎప్పుడూ పుచ్చుకునే చేతిగానే చూడడం అతనికి గౌరవం కాదు. అందుకని నాకు “లేమిలోనుండి” అన్నదే సరైన మాటగా తోస్తున్నది.

పోతన అభిమాని, నెల్లూరు:
అమ్మగారు రాసినది చదువుతుంటే నాకు పోతన భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడనే రాజు గుర్తుకు వచ్చాడు. నలభై ఎనిమిది రోజులు అన్నపానాలు లేక, దొరికిన అన్నాన్ని వచ్చినవారందరికీ పెట్టి, చివరికి మిగిలిన నీళ్లు తాగబోతుండగా పుల్కసుడు, అంటే చండాలుడు, వచ్చి అడిగితే ఆయన “అన్నము లేదు కొన్ని మధురాంబువులున్నవి” అంటాడు. ఆ “లేదు” పక్కనే ఆ “ఉన్నవి” చూడండి, మీరు వాదించుకుంటున్న లేమి, ఆ లేమిలోనుండి ఇవ్వడం ఒక్క పాదంలో ఇమిడిపోయాయి. పద్యం చివర “నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ” అంటాడు, ఉన్నదంతా ఇచ్చినవాడికి ఇక మిగిలేది విశ్వాసమొక్కటే. పైగా “జీవనము” అంటే నీరు అన్న అర్థం అమరకోశంలోనే ఉంది. అలా చూస్తే రంతిదేవుడు కూడా జీవనమంతయు వేసినవాడే.

వేదాంత విద్యార్థి, విశాఖపట్నం:
రంతిదేవుని పోలికకు నమస్కారం. నీరు అన్న అర్థాన్ని మాత్రం ఈ వాక్యంలోకి తేవద్దని మనవి, ఇక్కడ జీవనం అంటే జీవనాధారం. ఆమె వేసిన కాసులు గ్రీకులో లెప్టాలు, అవి రెండు కలిస్తే కొద్రాంతు అనే ఒక రోమా నాణెం, అటువంటి కొద్రాంతులు అరవై నాలుగైతే ఒక దేనారం, అంటే మత్తయి 20లో ద్రాక్షతోట కూలివాని దినవేతనం. మన భాషలో కాసు అనగానే కాసులపేరు కూడా తలపుకు వస్తుంది కనుక, ఇది అతి చిన్న నాణెమని పిల్లలకు చెప్పవలసి ఉంటుంది. నాణేలు రెండు ఉన్నందున ఒకటి దాచుకోవడానికి ఆమెకు వీలుండినది కూడా.

సంఘకాపరి, రాజమహేంద్రవరం:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. దీనికి నాలుగు వచనాల ముందు “విధవరాండ్ర యిండ్లు దిగమింగుచు” అని యేసు శాస్త్రులను, అంటే ధర్మశాస్త్ర బోధకులను, గద్దించిన మాట ఉంది. తరువాతి అధ్యాయం మొదట్లోనే ఆ దేవాలయంలో రాతిమీద రాయి నిలువదని చెప్పాడు. మంచి సమరయుని కథ చివర “నీవును వెళ్లి ఆలాగు చేయుము” అన్న ప్రభువు ఇక్కడ ఆ మాట అనలేదు. ఆమెను మెచ్చుకున్నాడా, చివరి కాసులు కూడా లాగుకున్న వ్యవస్థను చూసి నొచ్చుకున్నాడా అని పండితులు చాలాకాలంగా వాదిస్తున్నారు. శిష్యులను దగ్గరకు పిలిచి మరీ చూపించాడు కనుక ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడనే నేను ప్రసంగిస్తాను. అయితే ఈ వాక్యాన్ని చదివి పేదరాలి చేత కానుక వేయించే ఏ సంఘమైనా ఆ పై వచనాన్ని కూడా బిగ్గరగా చదవాలి. స్థితిని చూపించే “లేమిలో” అన్న మాట, ఆ లేమి ఎవరివల్ల వచ్చిందన్న ప్రశ్నకు చోటిస్తుంది. మాస్టారి పక్షాన నేను చెప్పగలిగినది అదే.

సండేస్కూలు ఉపాధ్యాయురాలు, ఏలూరు:
అయ్యగారికీ అందరికీ కృతజ్ఞతలు. పిల్లలకు అచ్చులో ఉన్నట్టే రాసి ఇస్తాను, పరీక్షలో వారికి మార్కులు పోకూడదు. ఖమ్మం అమ్మగారి చేట, సోల సంగతి మాత్రం తప్పక చెబుతాను.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:
రాసి ఇచ్చే ముందు “అనగా” దగ్గర ఒకసారి ఆగండి, అమ్మా. విశాఖ అబ్బాయి గారు ఒక “నుండి” పోయిందని బాధపడ్డారు గాని, మూలంలో లేని “అనగా” ఇక్కడ చేరిన సంగతి గమనించినట్లు లేదు. గ్రీకులో “కలిగినదంతయు వేసెను, తన జీవనమంతయు” అని రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి, నడుమ వివరణ పదం లేదు. అది ఉండాలా, తీసివేయాలా?